ఒక్క ముద్దంటే ఎన్ని

"ఏం కలిపావమ్మా దాంట్లో?"

"ఏం కలుపుతాను, విషం కలిపానా? పెసరపప్పు కలిపా. పిడికెడు."

"పిడికెడు కాదు. గిన్నె మూత తీసి చూశా. పిండంతా పచ్చగా ఉంది."

"పచ్చగా ఉంటే ఏమైంది? పసిదానికి బలం. పొద్దున తెల్ల బ్రెడ్డు, మధ్యాహ్నం తెల్లన్నం. ఒంట్లోకి నెత్తురు ఎక్కణ్ణుంచి వచ్చుద్ది?"

"అమ్మా, అది తినేవే ఏడు. ఆ ఏడింట్లో దోసె ఒకటి. ఇప్పుడు ఆరయినాయి. నీకర్థమవుతుందా?"

"రెండు పూటలు మానేస్తే మూడో పూట అదే తినిద్ది. ఆకలి రుచెరగదన్నారు పెద్దలు."

"దీని ఆకలికి రుచి తెలుసమ్మా. పోయినేడు మేమూ అట్లాగే అనుకుని రెండు రోజులు చూశాం. తినలేదు. మూడో రోజు హాస్పిటల్లో సెలైన్ ఎక్కించారు. భయపడతావని నీకు చెప్పలేదు."

ఆ సంగతి నేను వినడం అదే మొదలు. కానీ గొడవలో వెనక్కి తగ్గడం నాకు అలవాటు లేదు.

"నిన్ను నేను ఎట్లా పెంచాననుకున్నావు? మునగాకు నూరి పప్పులో కలిపి పెట్టా. నీకు తెలిసిందా?"

"తెలిసింది. అందుకే ఇప్పటికీ పప్పు గరిటెతో కెలికి చూసుకునిగానీ వడ్డించుకోను."

స్టవ్ మీద పాలు పొంగబోతున్నాయని చెప్పి అటు తిరిగాను. పాలు పొంగడానికి ఇంకా చాలా టైముంది.

ఇది ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో, మా అమ్మాయి ఇంట్లో జరిగింది. నేను ఆరు నెలల వీసా మీద వచ్చి అప్పటికి ఐదు వారాలు. మేము వాదించుకుంటున్నది నా మనవరాలి గురించి. దానికి ఏడేళ్ళు. అది ముందు గదిలో కార్పెట్ మీద కూర్చుని రంగులు వేసుకుంటూ అంతా వింటూనే ఉంది. దానికి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబులు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. ఇక్కడి పిల్లలందరూ అంతే.

అది తినే ఏడు వస్తువుల పేర్లూ రాసిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉండేది. ఏమీ కలపని అన్నం. అంచులు తీసేసిన తెల్ల బ్రెడ్డు. చట్నీ లేకుండా కరకరలాడే దోసె, అదీ మడవకుండా. చెక్కు తీసిన ఆపిల్. ఉప్పు బిస్కెట్లు. పాలు. చిన్న కప్పుల్లో వచ్చే పెరుగు, అదీ ఒకే కంపెనీది. ఒకసారి ఆ కంపెనీవాళ్ళు కప్పు మూత రంగు మార్చారట. లోపలి పెరుగు అదేనని ఎంత చెప్పినా నెల రోజులు ముట్టుకోలేదట. ఈ సంగతులు మొదట విన్నప్పుడు నేను నవ్వాను. పిల్ల గారాబానికి అలవాటు పడింది, తల్లిదండ్రులు ఉద్యోగాల్లో పడి తలొగ్గారు అనుకున్నాను. బయటికీ అన్నాను.

వీటన్నిట్లోకీ నన్ను బాధపెట్టింది అన్నం. ఏమీ లేకుండా అన్నం పెట్టడాన్ని మా వైపు వట్టన్నం అంటారు. ఒక ఇంట్లో పిల్లకు వట్టన్నం పెట్టారంటే ఆ ఇంట్లో ఉప్పుకు కూడా గతి లేనట్టు లెక్క. మాకు గడవని రోజుల్లో కూడా నా పిల్లలకు వట్టన్నం పెట్టలేదు. ఇంకేమీ లేకపోతే ఉల్లిపాయ చిదిమి, ఉప్పూ కారం చల్లి, నూనె చుక్క వేసి కలిపాను. మన భోజనమంతా కలపడమే. కలిపే చెయ్యి బాగుంటే కూర బాగా లేకపోయినా అన్నం దిగుతుంది. అలాంటిది నా మనవరాలు కంచం ముందు కూర్చుని, మెతుకు మీద ఏదీ పడకుండా, ఫోర్కుతో వట్టన్నం తింటుంటే నేను తల తిప్పుకునేదాన్ని.

అందుకే పెసరపప్పు. కాస్త మాంసకృత్తులు ఒంట్లోకి పోతాయి, పిల్లకు తెలియదు అనుకున్నాను. నేను అట్టు అంటాను, అది డోసా అంటుంది, ఆ రోజు పొద్దున పలచగా పోసి, ఎర్రగా కాల్చి, మడవకుండా పళ్ళెంలో పెట్టాను. అది ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఒక్కసారి నమిలింది. టిష్యూ తీసుకుని అందులోకి నెమ్మదిగా ఉమ్మి, మడిచి, పళ్ళెం పక్కన పెట్టింది. ఏడవలేదు. నా వైపు చూసి, "దిస్ ఈజ్ నాట్ డోసా, అమ్మమ్మా" అంది.

అంతే. ఆ తర్వాత వాళ్ళమ్మ ఎప్పటిలా బియ్యం, మినపగుళ్ళు నానబోసి అట్టు వేసి పెట్టినా ముట్టుకోలేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. ఫ్రిజ్ మీద కాగితంలో దోసె అన్న మాటను మా అమ్మాయి కొట్టేయలేదు, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. నేను నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తీసినప్పుడల్లా ఆ గుర్తు కనిపించేది. నెలకోసారి మా పేట డాక్టరు క్లినిక్‌లో, ఇక్కడ దాన్ని సర్జరీ అంటారు, నర్సు పిల్ల బరువు చూసేది. ఆ నెల తగ్గింది. ఇంకొక్క వస్తువు గానీ మానేస్తే హాస్పిటల్లో ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టాల్సి రావచ్చని అక్కడి డాక్టరు చెప్పాడు. మా అమ్మాయి ఆ మాట నాకు తెలుగులో చెబుతున్నప్పుడు గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం కారు తాళాలను ఊరికే తిప్పుతున్నాయి.

పిల్లల డైటీషియన్ కోసం వాళ్ళు చాలా నెలలుగా క్యూలో ఉన్నారు. ఆ గొడవ తర్వాత కొద్ది రోజులకే ఉత్తరం వచ్చింది. పిల్లకు అన్నం పెట్టే పెద్దవాళ్ళందరూ రావాలని అందులో ఉందట. "నేనెందుకు? నాకు ఇంగ్లీషు ముక్క రాదు, నేను చదివింది మూడో తరగతి" అన్నాను. "మధ్యాహ్నం పెట్టేది నువ్వే కదా" అంది మా అమ్మాయి. తిట్లు తినడానికే తీసుకెళ్తున్నారని నాకు గట్టి నమ్మకం. మంచి చీర కట్టుకుని, దాని మీద స్వెట్టరు వేసుకుని బయల్దేరాను. తిట్లు తినేటప్పుడు కూడా మనిషి శుభ్రంగా ఉండాలి.

ఆ డైటీషియన్ పొడుగాటి మనిషి. కుర్చీ ఉండగా నేల మీద కూర్చుంది, పిల్ల ఎత్తుకు. నా మనవరాలితో ముందు తిండి గురించి అడగలేదు, రంగు పెన్సిళ్ళ గురించి అడిగింది. తర్వాత మా అమ్మాయి జరిగిందంతా చెప్పింది. పెసరపప్పు అన్న మాట మధ్యలో వినబడింది. ఇక మొదలవుతుంది అనుకుని నేను చేతులు కట్టుకున్నాను.

"ఆమె ఏమంటుందంటే" అని మా అమ్మాయి తెలుగులో చెప్పింది, "మీ అమ్మగారు పిల్ల మంచికే చేశారు, అందులో నాకు అనుమానం లేదు అంటుంది. కానీ ఈ పిల్లకు నిన్నటి రుచే ఇవాళ కూడా ఉంటే అది భద్రం. మారితే, అంత చిన్న తేడా అయినా, నోటికి అలారం మోగినట్టు ఉంటుందట. అది మొండితనం కాదట."

"మొండితనం కాకపోతే ఇంకేంది?" అన్నాను.

మా అమ్మాయి ఆ మాట కూడా ఇంగ్లీషులో చెప్పేసింది. చెప్పకుండా వదిలేస్తుందనుకున్నాను. డైటీషియన్ కోపం తెచ్చుకోలేదు. నన్నే అడిగింది, మీరు అస్సలు తినలేనిది ఏదైనా ఉందా అని.

నాకు అన్నీ సయిస్తాయి అనబోయాను. కానీ ఒకటి ఉంది. పాల మీది మీగడ. తరక అంటాం. చిన్నప్పటినుంచి అది నాలుకకు తగిలితే కడుపులో తిప్పుతుంది. కొత్త కోడలిగా వెళ్ళిన ఇంట్లో గేదెల పాడి. పాలు ఇచ్చినప్పుడల్లా మీగడ ఎక్కువ వేసి ఇచ్చేవాళ్ళు, కోడలి మీద ప్రేమ కొద్దీ. మొదటి నెల మొత్తం నేను పెరట్లోకి వెళ్ళి కక్కుకున్నాను. మా ఆయన అది ఒకసారి చూశాడు. ఏమీ అడగలేదు. మర్నాటినుంచి టీ జల్లెడ నా గ్లాసు మీద పెట్టి, పాలు వడపోసి ఇచ్చేవాడు. పోయేదాకా అంతే. నలుగురూ ఉన్నా సరే, ఆ జల్లెడ అందుకునేవాడు. దాని గురించి మేమిద్దరం ఎన్నడూ ఒక్క మాట అనుకోలేదు.

ఇదంతా చెప్పాను. ఆమె ఇంకో ప్రశ్న వేసింది. ఆయన వడపోయకుండా, మీగడను పాలల్లో మెత్తగా కలిపేసి, ఏమీ లేదు తాగు అని ఉంటే?

"ఎట్లా కుదురుద్ది? నాకు తెలిసిపోద్ది. ఆ తర్వాత ఆయన చేతి మంచినీళ్ళు కూడా తాగేదాన్ని కాదు" అన్నాను.

అనేశాక నేనేమన్నానో నాకు వినబడింది. మా అమ్మాయి ఈసారి దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. డైటీషియన్ కూడా అడగలేదు. నా ముఖం చూసి అర్థమైపోయి ఉంటుంది.

తర్వాత ఆమె పిల్ల వైపు తిరిగి, కంచం ముందు కూర్చుంటే నీకు అన్నిటికన్నా ఏది కష్టం అని అడిగింది. పిల్ల ఆలోచించి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. మధ్యలో రెండు తెలుగు మాటలు నాకు స్పష్టంగా వినబడ్డాయి. ఒక్క ముద్ద.

"ఏమంటుంది?" అన్నాను.

మా అమ్మాయి నసిగింది. "అమ్మమ్మ ఒక్క ముద్ద అంటుంది, కానీ అది ఎప్పుడూ ఒకటి కాదు అంటుంది."

డైటీషియన్ పెన్ను తీసింది. ఒక్క ముద్ద అంటే అసలు ఎన్ని అని మా అమ్మాయిని అడిగింది. మా అమ్మాయి నా వైపు చూసింది, నేను గోడ మీద బొమ్మ వైపు చూశాను.

"ఐదు" అంది మా అమ్మాయి. "నాన్న పేరు చెప్పి ఒకటి, తాత పేరు చెప్పి ఒకటి... ఆరు కూడా ఉంటాయి. అమ్మే కాదు, మా వైపు అందరికీ అంతే."

ఆమె దాన్ని నిజంగానే రాసుకుంది. ఒక్క ముద్ద, ఈక్వల్స్ గుర్తు, ఐదు లేక ఆరు. కాగితం నాకు కనిపించింది, అంకెలు చదవడం నాకు బాగా వచ్చు.

నాకు సిగ్గేసింది. నేను కొలత మనిషిని. బియ్యం గ్లాసుతో కొలిచి, అంచు మీద చెయ్యితో సమం చేసిగానీ పోయను. పాలవాడు గరిటె వంచి పోస్తే ఊరుకునేదాన్ని కాదు. అలాంటి నన్ను ఏడేళ్ళ పిల్ల దొంగ కొలత అంటోంది. అదీ నిజం. ఇంకొక్కటి, ఇదే ఆఖరు, అయిపోయింది ఇంకొక్కటే, అనుకుంటూ ఎన్ని వేల ముద్దలు పెట్టానో. ఆ అబద్ధాలన్నీ ప్రేమే, కాదనను. కానీ ఆఖరు అన్నది ఆఖరు కాదని తెలిసిన పిల్ల మొదటి ముద్దకు కూడా నోరు తెరవదు. ఇది తెలుసుకోవడానికి నాకు డెబ్బై ఏళ్ళు, విమాన టికెట్టు కావాల్సొచ్చింది.

మా అమ్మాయి తన ఆఫీసులో ఒకామె కొడుకు సంగతి ఎత్తింది. ఆ పిల్లవాడు కూడా ఇలాగే ఉండేవాడట, వాళ్ళకు ఇచ్చిన పద్ధతే మాకూ ఇవ్వమంది. డైటీషియన్ వద్దంది. ఆ పిల్లవాడికి ఒకసారి గొంతులో ముక్క అడ్డం పడి ఉండొచ్చు, వాడిది భయం కావొచ్చు. మీ పిల్లది భయం కాదు, నాలుక. ఇంకో పిల్లకు అసలు ఆకలే తెలియకపోవచ్చు. బయటికి అందరూ తినని పిల్లలే, లోపల ఒక్కొక్కరిది ఒక్కొక్క కారణం. కాబట్టి మీ పిల్లకు మీ ఇంట్లో పనికొచ్చేది మీతో కలిసే రాస్తాను, అంది.

మాకు రాసిచ్చింది ఇంతే. అరలున్న పళ్ళెం, ఒకటి ఇంకోదానికి తగలకూడదు. తినే ఆరూ ఎప్పటిలా ఇవ్వాలి. పక్కన చిన్న సాసరులో కొత్తది ఏదైనా ఒకటి, గోరంత. తినమని అనకూడదు. చూస్తే చాలు, ముట్టుకుంటే చాలు, వదిలేస్తే అదీ చాలు. తిన్నా సరే, భేష్ అనకూడదు. ఏం పెట్టామో, అందులో ఏముందో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి. మానేసిన దోసె వెంట పడకూడదు, అది రావాలనుకుంటే పిల్లే తెచ్చుకుంటుంది.

"వదిలేస్తే పారేయాలా?" అన్నాను. తిండి పారేయడం నా వల్ల కాదు.

ఆమె వేలి గోరు చూపించింది. అంత ముక్కే కదా అన్నట్టు. సరే, అంత పొదుపుగా వడ్డించమని నాకు జీవితంలో ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క మాటలో ఆమె నాకు నచ్చింది.

ఇంటికొచ్చి నేను మనవరాలికి చెప్పాను. "ఇవాళ్టినుంచి అమ్మమ్మ ఒకటంటే ఒకటే."

"ప్రామిస్?"

"ఒట్టు పెట్టను. చూడు."

అది చూసింది. వారాల తరబడి పరీక్ష పెట్టింది. "వన్ ఆపిల్ పీస్" అని చెప్పి, ఒక ముక్క తిని, ఆగి, నా నోటి వైపు చూసేది. నా నోట్లో 'ఇంకొక్కటి' సిద్ధంగా ఉండేది. దాన్ని మింగి, సింకు దగ్గరికి పోయి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగేదాన్ని. మా అల్లుడు ఒకరోజు, "అత్తయ్యా, ఆ గిన్నె అరిగిపోతది" అన్నాడు. "మీ పిల్ల అరక్కుండా ఉంటే చాల్లే" అన్నాను. ఒకసారి జారాను. "ఇంకొ..." దాకా వచ్చి, "ఏం లేదు" అన్నాను. పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "అమ్మమ్మా, యూ నియర్లీ సెడ్ ఇట్" అంది. అన్నాక నవ్వింది. తిండి బల్ల దగ్గర అది నవ్వడం నేను వచ్చాక అదే మొదలు.

దోసకాయ ముక్క పది రోజులు సాసరులోనే ఉండిపోయింది, అంటే రోజుకో గోరంత. మొదట ఫోర్కుతో దూరంగా నెట్టింది. తర్వాత వాసన చూసింది. ఒకరోజు నాకింది, వెంటనే పాలు తాగింది. తర్వాత రోజు కొరికింది. నేను భేష్ అనలేదు. ఊళ్ళో ఉంటే పక్కింటికి వెళ్ళి చెప్పుకుని ఉండేదాన్ని. ఇక్కడ ఇంటి వెనక నడిచేవాళ్ళకని వేసిన ఎర్ర దారి మీద ఒక చుట్టు నడిచి వచ్చాను, ఎదురుపడిన కుక్కకు చెప్పాను.

బరువు ఆగింది, తగ్గలేదు. తర్వాత నెల కొంచెం పెరిగింది. కాగితం మీద దోసకాయ చేరింది. అంతా బాగానే ఉంది, కానీ ఆ ప్రశ్న గుర్తు అలాగే ఉంది. నా వీసా ఇంకా ఐదు వారాలు. అట్టును నా చేత్తో నేను పోగొట్టాను, నేను ఇక్కడ ఉండగానే అది తిరిగి రావాలి. నా కోరిక ఇంతే. వెంట పడొద్దన్నారు కాబట్టి ఎవరితోనూ అనలేదు. నేనూ మా అమ్మాయీ అట్లు వేసుకుని తినేవాళ్ళం. పిల్ల బల్లకు ఆ చివర కూర్చుని బ్రెడ్డు తినేది.

అప్పుడు నార్తాంప్టన్‌లో ఒక ఏడాది పిల్ల పుట్టినరోజు వచ్చింది. మా అల్లుడి స్నేహితుల ఇంటి వేడుక. హాలు తీసుకుని చేశారు, అంతా మన తెలుగువాళ్ళే. మేము మా పిల్లకు డబ్బా కట్టుకుని వెళ్ళాం, వట్టన్నం, ఆపిల్ ముక్కలు. ఆ పుట్టినరోజు పిల్ల నాయనమ్మ కూడా నాలాగే వీసా మీద వచ్చిన మనిషి, వయసు నా అంతే. అందరినీ పలకరిస్తూ మా బల్ల దగ్గరికి వచ్చి డబ్బా చూసింది.

"అయ్యో, అదేంది వదినగారూ? మా ఇంటి శుభకార్యానికొచ్చి డబ్బా తెచ్చుకుంటారా? మేము పెట్టలేకనా?"

"మీరు పెట్టలేక కాదు వదినగారూ. దాని తిండి అది."

"వట్టన్నం తింటుందా తల్లి? పాపం, ఎంత చిక్కిపోయింది. చూడండి, చేతులు పుల్లల్లాగా." పళ్ళెంలో పులిహోర ముద్ద చేసి పిల్ల నోటి దగ్గరికి తెచ్చింది. "దా బంగారం. నాయనమ్మ చేతి ముద్ద. ఒక్కటే. ఒక్క ముద్ద."

మా అమ్మాయి దూరంగా ప్లేట్లు తెస్తోంది. పిల్ల పెదాలు బిగించింది. ఆమె వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, అట్టు తుంచిన రోజు చూసిన చూపే అది.

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను, గట్టిగా కాదు. "వదినగారూ, ఒక్క ముద్దంటే ఎన్ని?"

"అదేం ప్రశ్న? ఒక్కటంటే ఒక్కటే."

"అయితే అది నాకు పెట్టండి."

"మీకా?"

"నేను మాత్రం మీ ఇంటికి రాలేదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వి నా నోట్లో పెట్టింది. పులిహోర బాగుంది, ఇంగువ కొంచెం ఎక్కువ. నేను మింగీ మింగకముందే ఆమె చెయ్యి పళ్ళెంలోకి పోయి ఇంకో ముద్ద చేసింది. "బాగుందిగా? ఇంకొక్కటి. ఒంటి ముద్ద పెట్టకూడదు, మంచిది కాదు." అదీ తిన్నాను. "ఇదిగో, ఇదే ఆఖరు, మా మనవరాలి పేరు మీద."

"త్రీ" అంది నా మనవరాలు, గట్టిగా.

"ఏమంటుంది?" అంది ఆమె.

"లెక్క చూస్తోందండీ" అన్నాను. "మనమిద్దరం దొంగ కొలత వాళ్ళమని దానికి తెలుసు."

ఆవిడ ముందు అర్థం కాక చూసింది, తర్వాత పడీ పడీ నవ్వింది. మనసులో కొంచెం కష్టపెట్టుకుందేమో కూడా. కానీ ఆ తర్వాత మా పిల్ల జోలికి రాలేదు, ఎవరినీ రానివ్వలేదు. పిల్ల తన డబ్బా మొత్తం ఖాళీ చేసింది. హాలునిండా అంత వాసన, అంత గోల మధ్య అది అంత తినడం ఎప్పుడూ లేదని మా అమ్మాయి అంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో పిల్ల నా పక్కన కూర్చుంది. చాలాసేపు కిటికీలోంచి చూసి, హఠాత్తుగా నా వైపు తిరిగింది. "అమ్మమ్మా, వాట్స్ ఇన్ డోసా?"

ముందు సీట్లో మా అమ్మాయి మెడ కదలలేదు గానీ వింటోందని తెలుస్తోంది.

"బియ్యం, మినపగుళ్ళు. నాలుగు మెంతులు. ఉప్పు, నీళ్ళు."

"అండ్ ద ఎల్లో థింగ్?"

"అది పెసరపప్పు. అప్పుడు నేను వేశా. నీకు చెప్పలా. చెప్పకుండా వేయడం తప్పే. మళ్ళా వేయను."

"ఓకే" అంది. ఓకే అంటే క్షమించినట్టో, విన్నట్టో నాకు తెలియదు. నేను అడగలేదు. మళ్ళీ అదే, "కెన్ ఐ సీ?" అంది.

పొద్దున బయల్దేరే ముందు మామూలుగా నానబోసిన బియ్యం, మినపగుళ్ళు, మెంతులు ఇంట్లో ఉన్నాయి. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, వెలుతురు ఉండగానే మిక్సీ బయటికి తీశాను. పిల్ల స్టూలు వేసుకుని ఎక్కింది. ఒక్కొక్కటీ దాని అరచేతిలో వేసి చూపించాను. బియ్యం చూసింది. మినపగుళ్ళు వాసన చూసి ముక్కు చిట్లించింది. మెంతులు లెక్కపెట్టింది. గిన్నె అడుగు వంచి చూపించమంది, చూపించాను. డబ్బాల అలమర తలుపు వేసి ఉందా అని చూసుకుంది, వేసే ఉంది. నాకు కోపం రాలేదు. పోగొట్టుకున్న నమ్మకానికి అంత సోదా న్యాయమే. రుబ్బిన పిండి తెల్లగా ఉంది. అది వేలితో తాకి, వేలు కడుక్కుంది. గిన్నె మీద మూత తనే పెట్టింది. నేను దాన్ని వేడినీళ్ళ ట్యాంకున్న అలమరలో పెట్టాను, ఈ దేశంలో పిండి పులియాలంటే అదే చోటు.

మర్నాడు ఆదివారం. పిండి పొంగింది. మొదటి అట్టు పెనానికి అంటుకుంది, అది నేను తిన్నాను. రెండోది పలచగా వచ్చింది. మడవకుండా పళ్ళెంలో వేసి బల్ల మీద పెట్టి, ఎవరికని చెప్పలేదు. మనవరాలు వచ్చి కూర్చుని, అంచు తుంచి, వెలుతురుకు పట్టి చూసి, నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది. ఇంకో ముక్క తుంచింది. సగం తిన్నాక చాలని లేచి, చెయ్యి కడుక్కుని, రంగుల దగ్గరికి వెళ్ళింది. మిగిలిన సగం నేను తిని, పెనం తుడిచి పెట్టాను.